ఎవరు లోకలు, ఎవరు బయటోళ్లు?

యూరప్ దేశాల్లో వలసల మీద పెద్ద రగడ నడుస్తా ఉంది. బయటినుంచి వచ్చినోళ్ల వల్లే మా బతుకులు చెడినాయని అరిచే పార్టీలు అక్కడ ఓట్లు దండుకుంటున్నాయి. ప్రభుత్వాల మీద జనానికి నమ్మకం పోతోందని పెద్దలు దిగులు పడుతున్నారు. అనంతపురం జిల్లా మాదిగ్గేరిలో కూర్చున్నోళ్లకు దీంతో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. పని ఉంది. 'బయటోడు' అనే మాట బరువెంతో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ముందు వాళ్ల కథ రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఫ్యాక్టరీలకు మనుషులు చాలక పశ్చిమ జర్మనీ 1961లో టర్కీతో ఒప్పందం చేసుకుని కూలీలను పిలిపించుకుంది. వాళ్లకు పెట్టిన పేరు 'అతిథి కార్మికులు'. 1973లో తలుపు మూసింది. ఆ అతిథుల పిల్లలు అక్కడే పుట్టి పెరిగినా, పుట్టుకతో పౌరసత్వం ఇచ్చే చట్టం 2000లో గానీ అమల్లోకి రాలేదు. ఇంగ్లండు సంగతి ఇంకా ఘోరం. 1948 నుంచి కరీబియన్ దీవుల నల్లవాళ్లు ఓడలెక్కి వచ్చి అక్కడి బస్సులు నడిపారు, ఆసుపత్రుల్లో చాకిరీ చేశారు. డెబ్బై ఏళ్ల తర్వాత, 2018లో, అసలు సంగతి బయటపడింది. హక్కుగా బతుకుతున్న ఆ ముసలోళ్లను కాగితాలు చూపమని పీడించి, కొందరి ఉద్యోగాలు పీకేశారు, కొందరిని దేశమే దాటించారు. వాళ్లు ఓడ దిగినప్పటి కార్డులను 2010లో నాశనం చేసింది ఆ ప్రభుత్వమే!

పని కావాల, పక్కన కాపురం మాత్రం వద్దు. ఈ న్యాయం మనకు కొత్తదా? చచ్చిన గొడ్డును మోయడానికి మనం కావాల, ఊళ్లో ఇల్లు మాత్రం వద్దు అన్న న్యాయమే కదా ఇది.

ఇప్పుడు మన సంగతికొద్దాం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల మనది. శెనక్కాయ వేస్తే విత్తనం ఖర్చు కూడా రాని ఏడాదులు ఎన్ని చూడలేదు! భూమి ఉన్నోడు బోర్లు వేసి అప్పులపాలవుతాడు. భూమి లేని మనం సంచి సర్దుకుని కోడికొండ చెక్‌పోస్టు దాటి బెంగుళూరు బస్సెక్కుతాం. ఆ నగరంలో లేచిన మేడల్లో మన ఆడోళ్లు మోసిన తట్టలెన్నో ఏ ఆఫీసులోనూ లెక్క లేదు.

ఆ చెక్‌పోస్టు దాటగానే మనం మారిపోతాం. నిన్నటిదాకా ఎస్సీ, ఈరోజు ఏమీ కాదు. ఇది చాలామంది మన కార్యకర్తలకే తెలీదు, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాం. రాజ్యాంగం 341వ అధికరణం కింద ఎస్సీ జాబితాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంగా తయారైనాయి. తెలుగునాడు నుంచి బొంబాయి పోయి చదువుకున్న ఒక గిరిజన విద్యార్థి మెడికల్ సీటు అడిగితే, 1990లో సుప్రీంకోర్టు ఏమంది? సొంత రాష్ట్రంలో ఉన్న రిజర్వేషన్, వలసపోయిన రాష్ట్రంలో అడగడానికి లేదంది. 2018లో ఐదుగురు జడ్జీల బెంచి కూడా రాష్ట్రాల విషయంలో అదే ఖాయం చేసింది. మాదిగ కులం ఆంధ్ర జాబితాలో ఉంది, కర్ణాటక జాబితాలోనూ ఉంది. అయినా ఇక్కడినుంచి పోయినోని బిడ్డకు కర్ణాటక ప్రభుత్వ కాలేజీలో ఆ సీటు రాదు. కేంద్ర ఉద్యోగాల సంగతి వేరు, వాటిని వదులుకోవద్దు.

ఇంతకూ ఆ సరిహద్దు ఎప్పటిది? 1953 అక్టోబరు 1 దాకా రాయదుర్గం బళ్లారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాయదుర్గం ఇటొచ్చింది, బళ్లారి మైసూరుకు పోయింది. గీత గీసినోళ్లు మన గేరికొచ్చి అడగలేదు. రాయదుర్గం మాదిగోనికి ఇప్పటికీ బళ్లారిలో వియ్యంకుడున్నాడు. హక్కు గీత దగ్గర ఆగిపోయింది, అంటరానితనం ఆగిందా? బెంగుళూరులో బాడుగ ఇంటికి పోతే ముందు అడిగేది కులమే!

ఇక 'లోకల్' చట్టాలు చూడండి. 2019లో ఆంధ్ర అసెంబ్లీ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం చేసింది. 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం అలాంటి బిల్లుకే ఒప్పుకుంది. మేనేజర్ల ఉద్యోగాల్లో 50, మిగతావాటిలో 70 శాతం స్థానికులకు. స్థానికుడంటే ఆ రాష్ట్రంలో పుట్టి, పదిహేనేళ్లు ఉండి, కన్నడం చదవను రాయను వచ్చినోడంట. కంపెనీలు గోల చేస్తే బిల్లు పక్కన పెట్టారు. మనం గోల చేస్తే కాదు. మన పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చింది కదా, మన 75 శాతంలో దళితవాడల నుంచి గేటు లోపలికి పోయినోళ్లెందరో చెప్పమని ఆ చట్టం ఎక్కడా అడగదు. లోకల్ అనే మాటలో కూడా ఊరు వేరు, వాడ వేరు.

వలసను ఆపుతామని చెప్పిన ప్రభుత్వాలేం చేశాయి? 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ మన నార్పల మండలం బండ్లపల్లికొచ్చి ఉపాధి హామీని మొదలుపెట్టారు. మన కరువు పని అంటే అదే. కొట్లాడి పని చేయించుకున్న ఊళ్లలో బస్సెక్కడం తగ్గింది, ఇది మేం కళ్లారా చూసిందే. తర్వాత ఫోన్లో ఫొటో హాజరు, ఆధార్‌కే కూలి డబ్బు అని మెలికలు పెట్టారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో వేరేది తెచ్చింది. 125 రోజులని గొప్పగా చెప్పుకుంటున్నారు. సాగు పనుల కాలంలో 60 రోజుల దాకా పని ఆపొచ్చని అందులోనే రాశారు. ఎవరి పొలానికి చవగ్గా కూలీలు దొరకాలని? చాలా రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం భరించాలంట. అప్పుల్లో ఉన్న రాష్ట్రం ముందుగా కోసేది ఎవరి పనో మనకు తెలీదా!

పోయినోళ్లకు కాపలాగా 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఉండేది. మేస్త్రీకి లైసెన్సు ఉండాలి, ఐదుగురున్నా వర్తిస్తుంది, దారి ఖర్చుతో పాటు ఊరు విడిచినందుకు నెల కూలిలో సగం భత్యం ఇవ్వాలి. మనోళ్లలో ఆ భత్యం తీసుకున్నోన్ని మేమైతే చూడలేదు. 2025 నవంబరు 21 నుంచి అమలైన కొత్త లేబర్ కోడ్‌లో ఆ భత్యమే లేదు, ఐదుగురు కాస్తా పదిమంది అయినారు. అమలు చేయని హక్కును ఇప్పుడు కాగితం మీద కూడా కొట్టేశారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి, రాష్ట్రాల సరిహద్దులు మూయమని హుకుం వేసిన రోజులు మర్చిపోయినామా? ఇంత జరిగాక జనానికి ప్రభుత్వం మీద నమ్మకం లేదని ఎవరైనా ఆశ్చర్యపోతే మాకు నవ్వొస్తుంది.

ఇక్కడ మనవాళ్లకూ ఒక మాట చెప్పాల. మన దగ్గరికి కూడా ఒడిశా నుంచి, బీహారు నుంచి కూలీలొస్తున్నారు. తక్కువకు చేసి మా కూలి చెడగొడుతున్నారని మన కుర్రోళ్లే అంటున్నారు. బెంగుళూరు అడ్డా మీద మన గురించి అనేదీ ఇదే మాట. కూలి తగ్గించింది ఆ కూలోడా, ఆ మేస్త్రీనా? గొడవ పెట్టుకోవాల్సింది ఎవరితో? వాళ్లనూ సంఘంలో కూర్చోబెట్టుకోండి. భాష రాకపోయినా కూలి లెక్క అందరికీ అర్థమవుతుంది.

ఉగాదికి వలసపోయినోళ్లు ఇండ్లకొస్తారు. ప్రతి గేరిలో ఒక నోటుబుక్కు పెట్టండి. పేరు, పోయిన ఊరు, మేస్త్రీ ఎవరు, రావాల్సిన కూలి ఎంత, పిల్లోళ్లు బడికి పోతున్నారా, కుల సర్టిఫికెట్ ఏ మండలంలో తీసుకున్నారు, రేషన్ కార్డు ఉందా, ఓటు ఉందా, అన్నీ రాయండి. గ్రామసభలో గట్టిగా చదివించండి. తీర్మానం పుస్తకంలో ఎక్కించి కార్యదర్శి సంతకం, సీలు వేయించుకోండి. జెరాక్సు ఒకటి మాకు పంపండి.