ప్లాన్‌లో పార్కింగ్ ఉన్నది, భూమి ఎవరిదో లేదు



గుడిహత్నూర్ నుంచి ఇంద్రవెల్లి, ఉట్నూర్, జైనూర్ మీదుగా ఆసిఫాబాద్ పోయే బస్సు ఎక్కినప్పుడు ఒక పని చేయండి. ఫోన్ జేబులో పెట్టి కిటికీలోంచి రోడ్డు పక్కన ఉన్న షట్టర్లు చూడండి. బోర్డుల మీది పేర్లు చదవండి. మడావి, ఆత్రం, కుమ్ర, సిడాం, పెందూర్... ఈ ఇంటిపేర్లు ఎన్ని బోర్డుల మీద కనబడ్డయో వేళ్ల మీద లెక్కపెట్టండి. మనం ఉన్నది ఐదో షెడ్యూల్ ప్రాంతం. రోడ్డు మన ఊళ్ల మధ్యలకెల్లే పోతది. షట్టర్ల తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నయో మీకే తెలుస్తది.

ఇప్పుడు మా ఊరి మలుపు దగ్గర ఇంకొకటి వస్తనంటున్నది. కిరాణా కొట్టు కాదు, మార్టు. బయటి వ్యాపారి ఒకాయన ప్లాన్ గీయించి పంచాయతీల ఇచ్చిండు. గ్రామసభల మాట వస్తే, చూసి చెప్పమని అయిదుగురితోని కమిటీ వేసిన్రు. అందులో నేనొకణ్ని. డిగ్రీ చదివిండు, ఇంగ్లీషు కాగితం చదువుతడు అని పెట్టిన్రు. ఊరి పేరు, ఆ మనిషి పేరు ఇక్కడ రాస్తలేను. పేరు మారి ఇదే కాగితం మీ మండలంల కూడా తిరుగుతనే ఉంటది కాబట్టి రాయాల్సిన పని లేదు.

ప్లాన్ మంచిగనే గీసిన్రు, అబద్ధమెందుకు. రంగుల ప్రింటు. ముందట కార్లు ఆగే జాగ, బండ్లకు వేరే జాగ, రెండు షట్టర్లు, వెనుక గోదాం, బోరు, సెప్టిక్ ట్యాంకు, పక్కకు చాయ్ కౌంటర్. ఎన్ని అడుగులో, ఎన్ని అంగుళాలో అన్నీ ఉన్నయి. ఎడమ పక్కన ఒక ముక్కను చుక్కల గీతతో చూపించి 'ఖాళీ జాగ' అని రాసిన్రు. ఆ ఖాళీ జాగలకెల్లే మేము అకిపేన్ దగ్గరికి పోతం. వానాకాలం రోడ్డు మీది నీళ్లు కల్వర్టు దాటి ఆ పక్కకే దిగుతయి. ప్లాన్‌ల ఆ బాటా లేదు, నీళ్లూ లేవు. గీసిన ఇంజనీర్ మా ఊరు చూసిండో లేదో అని మా పట్లా నవ్విండు.

మొదటి రోజు కమిటీల మేము ఏం మాట్లాడినమో చెప్తే మీరు కూడా నవ్వుతరు. పార్కింగ్ సరిపోతదా, సెప్టిక్ ట్యాంకు బోరింగుకు దగ్గరయితదా, రాత్రి ఎన్ని గంటలకు బంద్ చేయాలె, ప్లాస్టిక్ ఎవరు ఎత్తాలె. రెండు గంటలు అదే ముచ్చట. లేవబోతుంటే కమిటీల ఉన్న ఒక అక్క అడిగింది: "ఈ జాగ ఎవరిది?" ఎవ్వరం మాట్లాడలే. మళ్ల కాగితం తిప్పి తిప్పి చూసినం. సర్వే నంబర్ రాసే దగ్గర గీత ఉన్నది, నంబర్ లేదు. పట్టాదారు పేరు లేదు. కాగితం జతపరచలేదు.

నాకైతే అప్పుడే కండ్లు తెరుచుకున్నయి. వాళ్లు మన ముందట బొమ్మ పెట్టిన్రు, మనం బొమ్మ గురించి మాట్లాడుతున్నం. బొమ్మ మీద మాట్లాడినంక మనం భూమిని ఒప్పుకున్నట్టే. "పార్కింగ్ కొంచెం పెంచండి" అని మనం రాసిచ్చిన రోజు, "గ్రామసభ మార్పులతో ఆమోదించింది" అని వాళ్లు రాసుకుంటరు.

తమ్ముళ్లారా, 1/70 అని ర్యాలీలల్ల అరుస్తం గదా. అందులో ఏమున్నదో మనలో ఎంతమందికి తెలుసు? 1959ల వచ్చిన భూబదలాయింపు నిబంధనలను 1963 డిసెంబర్ 1 నుంచి తెలంగాణ ఏజెన్సీకి కూడా వర్తింపజేసిన్రు. 1970ల దాన్ని గట్టిగ సవరించిన్రు. ఆ సవరణ తర్వాత ఏజెన్సీల భూమి ఎవరు బదిలీ చేసినా, ఆదివాసీ చేసినా గిరిజనేతరుడు చేసినా, అది షెడ్యూల్డ్ తెగ మనిషికో, పూర్తిగ షెడ్యూల్డ్ తెగల వాళ్లే సభ్యులుగ ఉన్న సహకార సంఘానికో అయితేనే చెల్లుతది. లేకపోతే చెల్లదు. 1988ల సుప్రీంకోర్టు పి. రామిరెడ్డి కేసుల దీన్ని సమర్థించింది. ఇంకొక మాట ఉన్నది, అది మనోళ్లు అసలు వాడరు. ఏజెన్సీల గిరిజనేతరుని చేతుల భూమి ఉంటే, అది ఆదివాసీ దగ్గర నుంచే పోయిందని చట్టం ముందే అనుకుంటది. కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే. మనం సాక్ష్యం కోసం తిరిగే అవసరం లేదు, వాళ్లు తేవాలె.

"అమ్ముతలేరు గద అన్నా, లీజే గద" అని మా ఊరి పోరగాళ్లు వాట్సాప్‌ల పెట్టిన్రు. ఈ మాట ఎవరు నేర్పిన్రో గాని అందరి నోట్ల ఇదే. చట్టంల బదిలీ అంటే ఏందో రాసి ఉన్నది: తాకట్టు, లీజు, అమ్మకం, దానం, మారకం, వీలునామా తప్ప భూమితోని చేసే ఏ లావాదేవీ అయినా. లీజు అనే మాట అండ్లనే ఉన్నది. పదేండ్లకు రాసినా, నోటి మాటతోని ఇచ్చినా గిరిజనేతరునికి ఇస్తే లీజు లీజే.

నేను కరీంనగర్‌ల చదివిన. అక్కడ రోడ్డు మీద షట్టర్ కిరాయికి కావాలంటే ఓనర్‌కు అడ్వాన్స్ కట్టి అగ్రిమెంట్ రాసుకుంటరు, అయిపోతది. పాత కరీంనగర్ జిల్లాల షెడ్యూల్డ్ ఏరియా లేదు. అక్కడి అలవాటునే కొందరు ఇక్కడికి మోసుకొస్తున్నరు, కొందరు తెలియక, ఎక్కువమంది తెలిసే. గూడెం పోరగాడు కూడా పట్నంల చూసింది చూసి అదే రూల్ ఇక్కడ కూడా అనుకుంటున్నడు. పోరగాణ్ని నేను తిడతలేను. వానికి ఎవరూ చెప్పలే.

ఇంక బినామీ. ఇది చెప్పాలంటే నాకే సిగ్గయితది, ఎందుకంటే పేరు ఇచ్చేటోడు మనోడే. మేము జాగ ఎవరిదని అడిగిన నాలుగు రోజులకు ఒక కబురు వచ్చింది: "మీ ఊరాయన పేరు మీదనే లైసెన్స్ తీస్తం, ఇక మీకేం ఇబ్బంది?" అంటే పేరు మనది, గల్లా పెట్టె వాళ్లది. మనోనికి నెలకు కొంత, దసరాకు ఒక జత బట్టలు. రేపు కేసు పడితే కోర్టు మెట్లు ఎక్కేది కూడా మనోడే. ఇట్ల పేరు ఇచ్చిన అన్నలు ఈ పోస్టు చదువుతున్నరని నాకు తెలుసు. మీ అవసరం నాకు అర్థమైతది. పత్తి పంట మునిగినోనికి నెల నెల వచ్చే పైసలు చిన్నవి కావు. కానీ మీ సంతకం మీ ఒక్కరి భూమి మీదనే ఆగదు, పక్క జాగకు అది తొవ్వ చూపిస్తది.

"మార్టు వస్తే నలుగురికి కొలువులు" అనే మాట కూడా తూకం వేద్దాం. నాలుగు కొలువులు నిజమే అనుకుందాం. మూటలు దించుడు, ఊడ్చుడు, రాత్రి కావలి, బిల్లు కౌంటర్ల ఒకరు. మరి ఆ కౌంటర్ల పడే పైసలు ఎక్కడివి? మన పత్తి పైసలు, పింఛన్ పైసలు, ఉపాధి కూలి, ఇప్పపువ్వు అమ్మిన పైసలు. సాయంత్రం లెక్క కట్టినంక అవి ఏ ఊరికి పోతయి? మొదలు అగ్గువకు ఇస్తరు. తర్వాత ఉద్దెర మొదలైతది. ఉద్దెర పుస్తకంల పేరెక్కినంక పత్తి ఎవరికి అమ్మాలెనో మన చేతుల ఉండదు. మన తాతలను అడగండి, భూములు పోయిన తొవ్వల సగం ఉద్దెర పుస్తకం దగ్గరనే మొదలైనయని చెప్తరు.

ఇంద్రవెల్లిల 1981 ఏప్రిల్ 20న కాల్పులు జరిగిన రోజు సోమవారం, సంత రోజు. భూములకు పట్టాలు కావాలని, వడ్డీ సావుకార్ల దోపిడీ ఆగాలని సభకు వచ్చిన జనంలకు సంతకు వచ్చిన జనం కూడా కలిసిన్రు. సర్కారు లెక్క 13 మంది, ఇంకా చాలామంది పోయిన్రని మన పెద్దలు అంటరు. ఏటా ఆ స్తూపం దగ్గర పూలు పెట్టి సెల్ఫీ దిగుతం. అదే రోడ్డు మీద ఉన్న షట్టర్ల గురించి మాట్లాడమంటే మాత్రం "డెవలప్‌మెంట్‌కు అడ్డం పడకు అన్నా" అంటం.

నేను దుకాణానికి వ్యతిరేకం కాదు. నాకు కూడా చల్లటి నీళ్ల సీసా కావాలె, మా అవ్వకు బీపీ గోలి కావాలె, దాని కోసం పది కిలోమీటర్లు ఆటోల పోవుడు బాధనే. రోడ్డు మీద ఎప్పటినుంచో బజ్జీల బండి పెట్టుకున్న పేదోని మీద కూడా నా కోపం లేదు, నా లొల్లి ఆ రంగుల ప్లాన్ తోనే. చట్టమే ఒక తలుపు తెరిచి పెట్టింది గద, ఆదివాసీల సహకార సంఘానికి భూమి చెల్లుతదని. మన మహిళా సంఘాలు పొదుపు చేస్తున్నయి, లోన్లు తెచ్చి కడుతున్నయి. జీసీసీ 1956ల పుట్టింది అటవీ ఉత్పత్తులు కొననీకె, డీఆర్ డిపోలల్ల సరుకులు అమ్మనీకె. ఆ సరుకు ఇప్పించమని, మలుపు దగ్గర మన సంఘం షెడ్డుకు పైసలు పెట్టమని ఐటీడీఏను ఎందుకు అడగం? నష్టం వస్తదేమో, లెక్కలు తప్పుతమేమో. తప్పుదాం. మొదటి ఏడాది సావుకార్ కూడా తప్పే ఉంటడు.

1996ల వచ్చిన పెసా చట్టం గ్రామసభలకు, పంచాయతీలకు ఇచ్చిన అధికారాలల్ల రెండు ఇక్కడికి సరిగ్గ సరిపోతయి. భూమి చేతులు మారకుండ ఆపుడు, అక్రమంగ పోయినదాన్ని తిరిగి ఇప్పించనీకె చర్య తీసుకునుడు ఒకటి. ఊరి సంతలను, ఏ పేరుతో పిలిచినా సరే, నడుపుకునుడు ఇంకొకటి. సంత మీద మాట మనదే అని చట్టం రాసినంక, ఆ సంతను మింగే మార్టు గురించి మనల్ని పార్కింగ్ ముచ్చట మాత్రమే అడుగుడు ఏం న్యాయం?

మా కమిటీల ఇప్పటికి ముగ్గురం ఒక మాట మీద ఉన్నం, ఇద్దరు ఊగుతున్నరు. మేము రాసిన కాగితం అర పేజీ. సర్వే నంబర్ చెప్పండి, పట్టాదారు ఎవరో చూపండి, పెట్టుబడి ఎవరిదో రాసివ్వండి, అప్పటిదాక ప్లాన్ గురించి మాట్లాడం. మార్పులు చేర్పులు ఏవీ సూచించలే. జవాబు రాకుంటే ఎల్‌టీఆర్ కేసులు చూసే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్‌కు దరఖాస్తు పెడతం, ఐటీడీఏ పీవోకు కాపీ ఇస్తం.

మీ ఊళ్ల కూడా ఇట్లాంటి ప్లాన్ ఉంటే ముందుగాల గ్రామసభ రిజిస్టర్ తెరిచి చూడండి. తీర్మానం రాయకముందే కింద సంతకాలు, వేలిముద్రలు ఉన్న పేజీ దొరుకుతదేమో వెతకండి. దొరికితే ఫోటో తీయండి. సంతకం చేసిన పెద్దాయనను నలుగుర్ల నిలదీయకండి, ఇంటికి పోయి పక్కన కూసొని, ఆ కాగితం మీద ఏమున్నదో గోండిల, కోలామిల చదివి వినిపించండి. మా ఊళ్ల ఊగుతున్న ఇద్దరిల ఒకాయన ఇంటికి నేను రేపు పొద్దుగాల పోతున్న. ఆయన నాకు వరుసకు మామ అయితడు. చాయ్ ఇస్తడో, తిట్లే పెడతడో చూడాలె.