నల్లరాతి వయసు చెప్పిన గుల్ల

నిజామాబాద్ ఖిల్లా గుట్ట ఎక్కి చుట్టూ చూస్తే కనిపించేవి గ్రానైట్ బండలు, అవి అరిగి తయారైన చెలక నేలలు. బోధన్ వైపు పోయేకొద్దీ రంగు మారుతుంది. నల్లరేగడి మొదలవుతుంది. వానొస్తే కాళ్లకు చుట్టుకుని చెప్పులు లాగేసుకుంటుంది. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు బారుతుంది. తడిని దాచుకోవడంలో మాత్రం దానికదే సాటి. నిజాంసాగర్ నీళ్లు తోడయ్యాక ఈ నేలలో చెరకు విరగపండింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవారు. 2015 డిసెంబరులో అది మూతపడింది. నేల మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇంతకీ ఆ నల్లమట్టి ఎక్కడిది? బోధన్ దాటి మద్నూర్, జుక్కల్ వైపు పోతే జవాబు కాళ్లకిందే దొరుకుతుంది. అక్కడి నల్లరాయి ఒకప్పటి లావా. నేల పగిలి ఉబికిన లావా పొర మీద పొరగా పరుచుకుని గట్టిపడింది. మహారాష్ట్ర, గుజరాత్, మధ్యప్రదేశ్‌లలోనూ ఇదే రాయి. ఇప్పటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలి ఉంది. దీన్నే దక్కన్ ట్రాప్స్ అంటారు. ఆ రాయి అరిగి అరిగి నల్లరేగడి అయింది.

ఈ లావా వయసు తెలుసుకోవాలని శాస్త్రవేత్తలకు అంత పట్టుదల ఎందుకంటే, అది ఒక పెద్ద కేసులో ముద్దాయి. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట డైనోసార్లు, వాటితోపాటు ఎన్నో జీవులు అంతరించాయి. చంపిందెవరు? 1980లో లూయిస్ ఆల్వరెజ్, ఆయన కొడుకు వాల్టర్, మరో ఇద్దరు కలిసి ఆకాశం వైపు వేలు చూపించారు. ఇటలీలో గుబ్బియో అనే ఊరి దగ్గర, సరిగ్గా ఆనాటి బంకమట్టి పొరలో, ఇరీడియం లోహం ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువగా కనిపించింది. నేల మీద అరుదైన ఆ లోహం గ్రహశకలాల్లో ఎక్కువ. అంటే ఒక పెద్ద శకలం వచ్చి గుద్దుకుందన్నమాట. తర్వాత మెక్సికోలో చిక్సులూబ్ దగ్గర ఆ గుంత కూడా దొరికింది.

అయినా రెండో ముద్దాయిని వదలనివాళ్లున్నారు. అది మన లావా. లావాతోపాటు వెలువడిన వాయువులు వాతావరణాన్ని తారుమారు చేశాయని వాళ్ల వాదన. మరి నేరం జరిగిన వేళకు ముద్దాయి అక్కడ ఉన్నాడా లేడా? ముందు తేలాల్సింది అదే.

ఇక్కడే చిక్కు. జీవులు అంతరించిన గీత స్పష్టంగా కనిపించేది సముద్రపు అడుగున పేరుకున్న మట్టిలో. మన దక్కన్ లావా పరుచుకున్నదేమో చాలావరకు పొడినేల మీద. లావా, సముద్రపు మట్టి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న చోటు కావాలి. అది ఎక్కడుందో మనకు గోదావరే చూపిస్తుంది. బోధన్ దగ్గరి కందకుర్తిలో మంజీరను కలుపుకున్న గోదావరి ఎక్కడికి పోతుందో తెలుసు కదా, రాజమండ్రికి. ఆనాటి లావా కూడా పాత నదీలోయల వెంట తూర్పుకు పారి అక్కడిదాకా వెళ్లిందని రసాయన పరీక్షలు చెబుతున్నాయి. పడమటి కనుమల నుంచి లెక్కేస్తే దాదాపు వెయ్యి కిలోమీటర్లు. భూమ్మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి.

రాజమండ్రి దగ్గర కాతేరు, అవతలి ఒడ్డున పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కింద ఒక లావా పొర, పైన ఒక లావా పొర కనిపిస్తాయి. మధ్యలో, పోలెలో పూర్ణంలా, సముద్రతీరంలో పేరుకున్న సున్నపురాయి, మట్టి. మందం 4 నుంచి 9 మీటర్లు. మన కథానాయిక ఉన్నది ఆ పూర్ణంలోనే.

ఆమె పేరు పార్వ్యులారుగోగ్లోబిజెరీనా యుగుబినా. పేరు చాంతాడంత, మనిషి మాత్రం నువ్వుగింజలో ఇరవయ్యో వంతు. సముద్రంలో తేలుతూ బతికిన ఒంటికణం జీవి. ఒంటి చుట్టూ సున్నంతో గుల్ల కట్టుకుంటుంది. ఈ జాతి జీవుల్ని ఫొరామినిఫెరా అంటారు. చచ్చాక గుల్ల అడుక్కి దిగి మట్టిలో కలుస్తుంది. చిటికెడు మట్టిలో ఇలాంటివి వందలుండొచ్చు.

ఆనాటి వినాశనంలో తేలియాడే ఫొరామినిఫెరా పదింట తొమ్మిది జాతులకు పైగా పోయాయి. పెద్దవి, నగిషీలు చెక్కినట్టుండేవి మాయమయ్యాయి. ఖాళీ అయిన సముద్రంలో కొద్ది కాలానికే ఈ చిన్నది పుట్టింది. సుమారు రెండు, మూడు లక్షల ఏళ్లు బతికి పోయింది. భూమి లెక్కలో అది కనురెప్పపాటు. కాబట్టి ఏ మట్టిలో యుగుబినా కనిపించినా ఆ మట్టి వినాశనం జరిగిన వెంటనే పేరుకున్నదని అర్థం. తేదీ ముద్ర కొట్టిన పోస్టు కవరు లాంటిదన్నమాట.

అయితే అది యుగుబినాయే అని గుర్తుపట్టడం ఎలా? చెరకుతోట పక్కనుంచి పోయేవాడికి అన్నీ చెరకులే. రైతు మాత్రం కణుపు, కణుపు మీది కన్ను, ఆకు ఒర చూసి ఇది ఫలానా రకం అంటాడు. ఇక్కడా అంతే, ముఖ్యంగా చూసేవి మూడు. మొదటిది గదులు. బూంది పలుకుల్ని చుట్టలా అతికించినట్టుంటుంది గుల్ల. చివరి చుట్టులో గదులు ఎన్నో లెక్కపెట్టాలి. యుగుబినాకు మామూలుగా ఐదారు. రెండోది నోరు. చివరి గది అడుగున కమానులా తెరుచుకుని ఉంటుంది. మూడోది గోడ. యుగుబినా గోడ నున్నగా ఉంటుంది. దాని రంధ్రాలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద తప్ప తేలనంత సన్నం.

ఈ మూడో గుర్తే ఆమె ఇంటిపేరు మార్చింది. 1964లో లుటర్‌బాకర్, ప్రెమోలి సిల్వా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇటలీ రాళ్లలో దీన్ని గుర్తించి గ్లోబిజెరీనా యుగుబినా అని పేరు పెట్టారు. యుగుబినా అంటే గుబ్బియో ఊరిది అని, ఇరీడియం దొరికిన ఆ గుబ్బియోనే! శాస్త్రీయ నామంలో మన తెలుగువాళ్ల పద్ధతిలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. కానీ అసలైన గ్లోబిజెరీనాలకు పెద్ద రంధ్రాలు, ఒంటినిండా ముళ్లు ఉంటాయి. ఈమెకు అవేవీ లేవు. 1978లో హాఫ్కర్ కొత్త ఇంటిపేరు ఇచ్చాడు. తగాదా అంతటితో తీరలేదు. నోరు మరీ పొడుగ్గా ఉన్నవాటిని లాంజియాపెర్టూరా అనే వేరే జాతిగా కొందరు లెక్కిస్తారు. కాదు, అవీ ఒకే కుటుంబం పిల్లలే అంటారు ఇంకొందరు.

ఇది పండితుల కాలక్షేపం అనుకోకండి. పేరు తప్పితే తేదీ తప్పుతుంది. తేదీ తప్పితే కేసు మొత్తం తారుమారవుతుంది. ఇంకా చిన్న సంగతి చెబుతా. తేలియాడే గుల్లల్ని ఏరడానికి చాలామంది వాడే జల్లెడ కన్ను మిల్లీమీటరులో ఏడో వంతు. యుగుబినా కాలపు గుల్లలు చాలావరకు దాంట్లోంచి జారిపోతాయి. పొట్టుతోపాటు గింజను పారబోసినట్టే. అందుకే ఇంకా సన్నని జల్లెడలు వాడాలి. గట్టి సున్నపురాయైతే కడగడం కుదరదు. కాగితంకన్నా పల్చగా అరగదీసి, వెలుతురు కింద గుల్ల అడ్డుకోత చూసి పోల్చుకోవాలి. పాత మట్టిలోంచి కొట్టుకొచ్చిన గుల్లలు కూడా మధ్యలో కలుస్తాయి. అందుకని ఒక్క గుల్లను చూసి తీర్పు చెప్పరు, గుంపు మొత్తాన్ని చూస్తారు.

గెర్టా కెల్లర్ బృందం రాజమండ్రి ప్రాంతపు నాలుగు క్వారీల్లో చేసిన పని ఇదే. అందులో మన దేశం నుంచి సునీల్ బాజ్‌పేయి ఉన్నారు. ఫలితాలు 2008లో వచ్చాయి. కింది లావాను ఆనుకుని ఉన్న మట్టిలోనే యుగుబినా కాలపు గుల్లల గుంపు దొరికింది. అంటే కింది లావా పారింది వినాశనానికి చాలా దగ్గరి కాలంలో. పై లావా తర్వాతిది. జీవం ఇంకా పూర్తిగా కోలుకోకముందే వచ్చిపడింది. నేరం జరిగిన వేళకు ముద్దాయి ఆ వీధిలోనే ఉన్నాడని చిన్న గుల్ల సాక్ష్యం చెప్పింది.

వీధిలో ఉన్నంత మాత్రాన హంతకుడైపోడు. 2019 ఫిబ్రవరిలో సైన్స్ పత్రిక ఒకే సంచికలో రెండు పరిశోధనలు వేసింది. లావాలో పెద్ద విడత ఒకటి వినాశనానికి కొద్ది ముందే వచ్చిందని ఒకటి, ఎక్కువ భాగం తర్వాతే వచ్చిందని రెండోది. శకలమే అసలు దోషి అనేవాళ్లు ఇప్పటికీ ఎక్కువే. కేసు నడుస్తూనే ఉంది. అందుకే ఆ క్వారీల రాయి విలువైనది. కంకర కోసం తవ్వబట్టే ఆ మధ్యపొర మన కంటపడింది. తవ్వుతూ పోతే అదే పొర లారీలెక్కి వెళ్లిపోతుంది కూడా.

ఈసారి పుష్కరాలకో, పండక్కో కందకుర్తి వెళ్తే పిల్లలకు ఈ ముచ్చట చెప్పండి. ఒడ్డున కాళ్లకు అంటుకునే నల్లమట్టిని చూపించండి. దాని తోబుట్టువు ఈ నది పోయే దారినే ఎప్పుడో రాజమండ్రి చేరిందని, దాని పుట్టిన తేదీని నువ్వుగింజలో ఇరవయ్యో వంతు ఉన్న గుల్ల రాసిపెట్టిందని చెప్పండి. కాళ్లు కడుక్కోవడం తర్వాత.