బామ్మ సూది పక్కన పెట్టేసిందా?

నిన్నమొన్నటిదాకా మనవరాలి జాకెట్టుకు పూలు కుట్టిన బామ్మ ఉన్నట్టుండి మానేస్తే 'వయసైపోయింది' అని సరిపెట్టుకోకండి. సూదిలోకి దారం ఎక్కకపోవడానికి కంటిశుక్లం కారణం కావచ్చు. శస్త్రచికిత్సతో చాలామందికి చూపు మెరుగవుతుంది. ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితం. మధుమేహం ఉంటే చూపు బాగున్నా ఏటా రెటీనా పరీక్ష చేయించాలి. పొద్దున లేవగానే వేళ్లు 30 నిమిషాలకు పైగా బిగుసుకుపోతుంటే కీళ్లవాతమేమో చూపించండి. కళ్లూ చేతులూ బాగానే ఉన్నా, కుట్టు మీదా పెరటి మొక్కల మీదా 2 వారాలకు పైగా ఆసక్తి లేకపోతే కుంగుబాటును అనుమానించాలి. దానికీ చికిత్స ఉంది. పిల్లలకు ఇబ్బందెందుకని పెద్దవాళ్లు పైకి చెప్పరు. ఎందుకు మానేశారో మనమే అడగాలి.