డచ్చి భాషలో ఉక్తలేఖనము

మాల్టా దేశము 316 చదరపు కిలోమీటర్ల చిన్న ద్వీపసముదాయము. అచ్చటివారు జీవనోపాధికై ఓడలెక్కి ఆస్ట్రేలియాకు పోవుచుండిరి. 1916లో గాంజ్ అను ఫ్రెంచి ఓడపై (మన గంగానది పేరే యది) 214 మంది మాల్టీయులు వచ్చిరి. నిర్బంధ సైనికసేవనుగూర్చి అచ్చట అప్పుడే ప్రజల యోటు గోరుచుండిరి. సైన్యమునకు తరలినవారి పనులను చౌకకూలీలు లాగికొందురని భయము ప్రబలియుండెను. వచ్చినవారు బ్రిటిషు ప్రజలే. అయినను వారికి ఉక్తలేఖన పరీక్ష పెట్టిరి. అదియు డచ్చి భాషలో! అందఱును తప్పిరి. ఓడ వారిని న్యూకాలెడోనియాకు గొనిపోయెను. మఱుసటి సంవత్సరమునగాని సిడ్నీలో దిగుటకు వారికి సెలవు దొరకలేదు.

పరీక్షలు పెట్టుటయే వృత్తిగాగల మేము దీనిని పరీక్ష యనజాలము. ఉపాధ్యాయుడు నేర్పినదానినే యడుగును. బాలుడు తప్పినచో తన బోధనలో లోపమేమో యని వెదకికొనును. ఇచ్చటనో, తప్పించుటకే ప్రశ్న కూర్పబడినది. 'మీరు మాకక్కఱలేదు' అని మొగముమీద చెప్పినను కొంత నిజాయితీ యుండెడిది. తలుపు తాము మూసి, నేరమును బీదవాని చదువుపై మోపుట మాకు సహింపరానిది.

1948లో ఆ దేశమే మాల్టాతో ఒడంబడిక చేసికొని వలసదారుల ఓడచార్జీలకు సాయపడెను. తండ్రి ముందు పోగా, తరువాత తల్లియు బిడ్డలును బయలుదేరిన కుటుంబము లనేకములు. ఉక్తలేఖన పరీక్ష మాత్రము 1958 వఱకును చట్టములో నిలిచియుండెను.