గాబ్లిన్ల వాడ (11వ భాగం)

పుట్టుకను బట్టి గుణం అనే రోగం ఆటల్లోకీ ఎక్కింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెలుసు కదా? నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలో పాత్ర పట్టి పాచికలు వేస్తారు. మా పీజీ పిల్లలు ఆడేది అందులో ఎబెరాన్ అనే లోకం. కీత్ బేకర్ సృష్టి, పుస్తకంగా 2004లో వచ్చింది.

గాబ్లిన్ కనిపిస్తే చాలు, మావాళ్లు కత్తి దూస్తారు. "పుట్టుకతోనే దుర్మార్గులు సార్, రూల్స్‌లో ఉంది" అంటారు. 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో గాబ్లిన్లకు, ఓర్కులకు ఆ ముద్ర కొట్టిన మాట నిజం. ఎబెరాన్ ఆ ముద్రను చెరిపేసింది. అక్కడ మనిషైనా ఓర్కైనా మంచీ చెడూ ఎవరి నడతను బట్టి వారికే.

అసలు చరిత్ర చదవరు. మనుషులు రాకముందు ఖోర్వేర్ ఖండాన్ని వేల ఏళ్లు ఏలింది గాబ్లిన్ల ధకాన్ సామ్రాజ్యం. వేరే లోకం నుంచి డేల్కిర్లు దండెత్తితే ఆ దారులు మూసింది ఓర్కు డ్రూయిడ్లు. ఆ దెబ్బకు సామ్రాజ్యం మెల్లగా కూలింది. తర్వాత ఓడలెక్కి వచ్చిన మనుషులు గాబ్లిన్లను బానిసలను చేశారు. వాళ్ల శిథిలాల మీదే షార్న్ నగరం లేపారు. ఆకాశాన్నంటే టవర్ల పైన డబ్బున్నవాళ్లు, అడుగున చీకట్లో గాబ్లిన్లు.

ఆ అడుగు చూసి మావాడొకడు "వీళ్ల బతుకే అంత సార్" అన్నాడు. ఈ మాట మనకు కొత్తా? ఊరవతలకు నెట్టిందీ వాళ్లే, ఊరవతల ఉన్నారు కాబట్టి మురికివాళ్లని తేల్చిందీ వాళ్లే.

"ఆటే కదా సార్" అంటారు. ఆటే. రాసినవాడు పీకేసిన దాన్ని నువ్వు ఇంటి నుంచి తెచ్చి మళ్లీ అతికిస్తున్నావు, అదీ నా తగువు.

మరి అక్కడి రాక్షసులు చెడ్డవాళ్లే కదా అని ఒక తెలివైన ప్రశ్న వచ్చింది. నిజమే. కానీ వాళ్లు చావులేని దుష్టశక్తులు, తల్లి కడుపున పుట్టి పెరిగిన జనం కాదు. (ఆ పేరు వాడుకోవడం మీద నాకు వేరే గొడవుంది, ఇంకో భాగంలో.)

అన్నిటికన్నా మావాళ్లకు మండేది దర్గూన్ పేరెత్తితే. యుద్ధంలో కిరాయికి పోరాడిన హాబ్‌గాబ్లిన్లు, అంటే గాబ్లిన్ల దాయాదులు, అక్కడి లెక్కలో 969లో ఎదురు తిరిగి నేల పట్టుకున్నారు. 996లో త్రోన్‌హోల్డ్ ఒప్పందం దాన్ని దేశంగా ఒప్పుకుంది. "నమ్మకద్రోహం సార్" అంటారు. అంతకుముందు ఆ నేల ఎవరిదిరా అంటే మాట్లాడరు.

జై భీమ్.