లెక్కకు రాని చీకటి

శుక్లం తీస్తే చూపు తిరిగి వస్తుంది. శిబిరం ఫోటోలో నాయకుడూ పడతాడు. నీటికాసులు, అంటే గ్లాకోమా, హరించిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలిపితే అదే విజయం. నిలిచిన చూపుకు ఫోటో ఉండదు. 1976 నుంచి అంధత్వ నివారణ కార్యక్రమం నడుస్తున్న దేశంలో ఈ వ్యాధి వెనుక వరుసలోనే మిగిలింది.

ఇది నొప్పి తెలియకుండా, అంచుల నుంచి చూపును తినేస్తుంది. మొదట మసకచీకట్లో మెట్టు తప్పుతుంది, పక్కనుంచి వచ్చే బండి కనిపించదు. ఏళ్లు గడిచేకొద్దీ పని పోతుంది, పెళ్లిపేరంటాలకు వెళ్లడం తగ్గుతుంది. చివరకు గడప దాటాలన్నా ఒకరి చేయి కావాలి.

2017లో కేంద్రం అంధత్వ నిర్వచనాన్ని 6/60 నుంచి 3/60కి మార్చింది. అంతర్జాతీయ ప్రమాణమని సమర్థించుకుంది. పట్టికలో అంధులు తగ్గారు. ఏ కంటికీ వెలుగు రాలేదు. ఆసుపత్రిలో చేరితే కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల దాకా భరించే ఆయుష్మాన్ భారత్, జీవితాంతం వేసుకోవలసిన చుక్కల మందును ఓపీ ఖర్చుగా వదిలేసింది. డబ్బు లేక చుక్కలు ఆగిన నెలల్లో పోయే చూపును ఏ శస్త్రచికిత్సా తేలేదు.

నలభై దాటినవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కంటి పీడనం, కంటి నరం పరీక్షలు, ఉచితంగా చుక్కల మందు: ప్రభుత్వం చేయవలసింది ఇదే. చేయనంతకాలం ఈ చీకటికి వ్యాధి ఎంత కారణమో విధానమూ అంతే కారణం.