ఆఖరి కంచం ఆవిడదేనా?

నీరసం, ఆయాసం, కాళ్లు లాగేస్తున్నాయంటూ ఓపీకి వచ్చే గృహిణుల్లో రక్తహీనత మాకు రోజూ కనిపించేదే. ‘మా ఇంట్లో తిండికేం లోటు డాక్టర్ గారూ!’ అంటారు వెంట వచ్చినవాళ్లు. నిజమే. కానీ ఆ తిండిలో ఆవిడ కంచంలోకి ఎంత వెళ్తోంది?

మామగారికి, భర్తకు, పిల్లలకు వడ్డించి ఆవిడ కూర్చునేసరికి పప్పు గిన్నె అడుగంటుతుంది. కోడికూరలో ముక్కలు అయిపోయి పులుసు మిగులుతుంది. ఇక చారన్నం, మజ్జిగ, ఓ ఆవకాయ బద్ద. ఉద్యోగం చేసే కోడలైనా చాలా ఇళ్లలో ఇదే వరస. దీన్ని ప్రేమనీ, సంప్రదాయమనీ మెచ్చుకుంటాం.

ఒంటి లెక్క వేరు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం మగవారికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. నెలసరి వచ్చే వయసు స్త్రీలకు 29. ఎక్కువ కావలసిన మనిషికే తక్కువ దక్కుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇన్ని ఇళ్లలో ఉన్నదాన్ని పేదరికం ఖాతాలో మాత్రమే వేయలేం.

‘మేమూ అలాగే తిన్నాం, బాగానే ఉన్నాం కదా’ అంటారు అత్తగార్లు. వాళ్ల నీరసాన్ని ఆ రోజుల్లో ఎవరూ కొలవలేదు, అంతే.

రోజుకు ఒక పూటైనా ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోండి. గిన్నెలు మధ్యలో పెట్టుకుని ఎవరికి వారే వడ్డించుకోండి. కుదరదంటే, మొదటి వడ్డనకు ముందే పప్పు, తోటకూర, గుడ్డు, ముక్కలు ఆవిడ వాటాగా పక్కన తీసిపెట్టండి. తోటకూర, శనగల మీద నిమ్మరసం పిండితే వాటిలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న గంట వరకు టీ, కాఫీ వద్దు.

అన్నిటికీ తిండే కారణం కాదు. నెలసరిలో అధిక రక్తస్రావం, నులిపురుగులు, బి12 లోపం కూడా ఉండొచ్చు. నీరసం వదలకపోతే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 గ్రాముల కన్నా, గర్భిణులకైతే 11 కన్నా తగ్గితే డాక్టరుకు చూపించండి.

మాత్రలు మేం రాసివ్వగలం. ఆవిడ కంచంలోకి కూర మాత్రం ఇంట్లోవాళ్లే వడ్డించాలి.